మూడో గడిలో పేరు

శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ, లైట్లు ఆర్పుదామని కొలతల గది తలుపు తీశాను. పుల్లటి వాసన ఒకటి ముక్కుకు కొట్టింది. హీటరు పైనుంచి పోయే గొట్టానికి ఎవరో తడి కోటు ఆరేసి ఉన్నారు. సైలేజీ వాసన అది. పచ్చగడ్డిని కోసి గాలి చొరకుండా నల్ల పట్టా కింద నెలల తరబడి మాగబెడితే సైలేజీ అవుతుంది, చలికాలమంతా ఈ దేశపు ఆవులకు అదే కూడు. మూడు రోజులు పులిసిన దోసెల పిండిలో కాస్త తేనె కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది దాని వాసన. బట్టకు ఒకసారి పట్టిందంటే ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు. స్విచ్చి మీద చెయ్యి పెట్టి, ఆర్పకుండా అలాగే నిలబడిపోయాను. బెల్‌ఫాస్ట్‌లో వసుంధర ఆంటీ వాళ్ల ఇంటి తలుపు వెనక అచ్చం ఇలాంటి కోటే వేలాడేది. దాన్ని బయట షెడ్డులో తగిలించమని అంకుల్ రోజూ విసుక్కునేవారు. ముప్పై ఏళ్లుగా మీ ఆసుపత్రి వాసన నేను భరించడం లేదా అని ఆంటీ రోజూ అదే జవాబు చెప్పేవారు. గుర్తొచ్చి నవ్వుకుని, లైటార్పి ఇంటికి వెళ్లిపోయాను.

ఆవిడ పోయి రెండేళ్లు. ఆవిడ గురించి ఎవరికైనా చెప్పాలంటే ముందు మా పని ఏమిటో చెప్పాలి, అక్కడే జనం నవ్వుతారు కాబట్టి నవ్వు అయిపోయాక మొదలుపెడతాను. ఆవు మేత మేసి, తీరిగ్గా పడుకుని నెమరు వేస్తూ, మాటిమాటికీ త్రేన్చుతుంది. ఆ త్రేన్పులో మీథేన్ అనే వాయువు ఉంటుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు ఆకాశంలో చేరి భూమిని వేడెక్కిస్తుంది. కార్లూ ఫ్యాక్టరీలతో పాటు ఈ సాధుజంతువుకూ ఆ పాపంలో వాటా ఉంది. ఆవుకు పెట్టే మేతలో కొన్ని మార్పులు చేస్తే ఆ వాయువు తగ్గుతుందని ఆశ. తగ్గిందో లేదో తేల్చాలంటే ఆవు త్రేన్పును కొలవాలి. మేం కొలుస్తాం. నేను వేల్స్‌లో, కార్డిఫ్‌కు ఉత్తరాన కొండల మధ్య ఒక పరిశోధన పశువులశాలలో ఇప్పుడు చేస్తున్నది అదే. నాకది నేర్పింది వసుంధర ఆంటీ.

ఆవిడ సైంటిస్టు కాదు. ఒంగోలులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, గుండె డాక్టరును పెళ్లి చేసుకుని, ఆయన వెంట బెల్‌ఫాస్ట్ వచ్చారు. పిల్లలు బడికి, ఆయన డ్యూటీ వేళల ప్రకారం ఆసుపత్రికి పోతే, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, లైబ్రరీ నోటీసు బోర్డులో ఒక కాగితం చూసి ఆ ఊరి బయటి పరిశోధన ఫారంలో పార్ట్‌టైం పనికి చేరారు. ఆవులు తినకుండా వదిలేసిన మేతను తూకం వేసి రాయడం ఆ పని. డాక్టరుగారి భార్య పశువుల ఎంగిలి తూచడమేమిటని మనవాళ్లలో పెద్ద చర్చే జరిగిందట. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. తూకం నుంచి యంత్రాలకు, యంత్రాల నుంచి మొత్తం కొలతల శాలకు ఎదిగి, ఇరవై ఏళ్లు దాటినా అక్కడే ఉన్నారు. నేను బెల్‌ఫాస్ట్ వచ్చిన ఏడు దీపావళి విందులో ఒక పెద్ద డాక్టరుగారు అందరూ వినేలా, వసుంధరగారూ మీ ఆవుల అపానవాయువు ఎంతవరకు వచ్చింది అని అడిగారు. హాలంతా నవ్వులు. ఆంటీ చేతిలోని ప్లేటు కింద పెట్టలేదు, గొంతు పెంచలేదు.

"వెనకనుంచి కాదు అన్నయ్యగారూ, ముందునుంచి. ఇప్పుడు మీరు ఆరు గారెలు తిని బ్రేవ్‌మన్నారే, అదే."

ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ ఊసెత్తగా నేను వినలేదు.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. అమ్మ రోజూ రెండు పూటలా పాలకేంద్రంలో గేదె పాలు పోసేది. వెన్న శాతం కొలిచేవాడు యంత్రం సరిగా తుడవకుండా కొలిస్తే అమ్మ క్యాన్ అక్కడే పెట్టి కదిలేది కాదు. ఆ మొండితనం నాకూ వచ్చిందని అనుకునేదాన్ని. వ్యవసాయ డిగ్రీ చేసి మాస్టర్స్ కోసం బెల్‌ఫాస్ట్ వచ్చాను. మొదటిసారి ఫారానికి వెళ్లినప్పుడు తెల్లకోట్లూ గాజుసీసాలూ ఊహించుకున్నాను. సల్వార్ మీద ఒళ్లంతా కప్పే బాయిలర్ సూట్, కాళ్లకు రబ్బరు బూట్లు, నెత్తిన ఉన్ని టోపీ, దాని అంచు కింద స్టిక్కర్ బొట్టుతో ఒక పెద్దావిడ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. గాజుల చప్పుడుకు ఆవులు బెదురుతాయని ఆవిడ తన గాజులు తీసి టీ డబ్బాలో దాచుకుంటారని తర్వాత తెలిసింది. తెలుగమ్మాయివేనా అని అడిగి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గట్టి అట్ట పుస్తకం ఒకటి నా ముందు పెట్టారు. ఆవుల మొహం చూడకముందు అది మొత్తం చదవాలన్నారు.

అది ఆ శాలలో జరిగిన తప్పుల పుస్తకం. ప్రతి పేజీకి మూడు గడులు. మొదటి గడిలో ఏం జరిగింది, రెండో గడిలో ఎవరు చేశారు, మూడో గడిలో ఎవరు చూశారు. గేటు గొళ్లెం పెట్టలేదు, ఒక ఆవు రెండు ఆవుల మేత తినేసింది: వసుంధర. తూకం యంత్రాన్ని సున్నాకు తేకుండా తూచాను: వసుంధర. పాల డబ్బాల మీద చీటీలు తారుమారు: వసుంధర. మిగతావాళ్ల పేర్లూ ఉన్నాయి కానీ అన్నిటికంటే ఎక్కువసార్లు ఉన్నది ఆవిడ పేరే. పేజీ చింపకూడదు, రాసింది కొట్టేయకూడదు. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో పాలు పొంగిపోతే ముందు వెతికేది గుడ్డ కోసం కాదు, ఎవరి మీద తోద్దామా అని. మూడో గడి చాలావరకు ఖాళీగా ఉండటం చూసి, ఇది సాక్షుల కోసమా అని అడిగాను. పని చేస్తూ ఉండు, తెలుస్తుంది అన్నారు ఆవిడ.

కొలతల శాలలో పక్కపక్కనే రెండు అద్దాల గదులు ఉండేవి. ఒక్కో గదిలో ఒక్కో ఆవు మూడు రోజులు ఉంటుంది. ఒంటరిగా ఉంటే ఆవు మేత ముట్టదు కాబట్టి అవి ఒకదాన్నొకటి చూసుకునేలా మధ్య గోడ కూడా అద్దమే. గదిలోని గాలిని ఫ్యాను బయటికి లాగుతుంది. ఆ గాలిలో కొంచెం సన్నటి గొట్టంలోంచి యంత్రానికి చేరుతుంది, అందులో మీథేన్ ఎంతుందో యంత్రం చెబుతుంది. రెండు గదుల సన్నగొట్టాలూ తలుపు పైన ఒక చోట కలిసి ఒకే గొట్టమై యంత్రం దాకా పోయేవి. ఆ గొట్టమంటే ఆంటీకి ప్రాణం. ప్రతి విడత కొలతలకు ముందూ తర్వాతా ఆవిడ ఖాళీ గదిని కొలిచేవారు. చిన్న సిలిండరును తూచి, గదిలో కొంత వాయువు వదిలి, మళ్లీ తూచి, వదిలినదంతా యంత్రం లెక్కకు వచ్చిందా లేదా చూసేవారు. ఖాళీ గది అబద్ధం చెబితే ఆవును అడిగి ఏం లాభం అనేవారు. ఆ పరీక్షకు ఒక పూట పట్టేది. నాకు అప్పట్లో ఆ పూట దండగ అనిపించేది.

నా పరిశోధన సముద్రపు నాచు మీద. నాచును ఎండబెట్టి, పొడిచేసి, మేతలో కలిపితే ఆవు త్రేన్పులో మీథేన్ తగ్గుతుందా? నాలుగు ఆవులు. ముందు మామూలు మేతతో కొలవాలి, కొన్ని వారాలు నాచు అలవాటు చేసి, మళ్లీ కొలవాలి. నాలుగింటిలో పెద్దదానికి ఆంటీ పెద్దకోడలు అని పేరు పెట్టారు, తొట్టి దగ్గర మిగతా మూడింటినీ తోసేసి తను తిన్నాకే వాటికి వదిలేది. నాచు పొడి ఒక కంపెనీ ఇచ్చింది. ఫలితం బాగుంటే ఆ కంపెనీ సాయంతో మూడేళ్ల పీహెచ్‌డీ సీటు నాకేనని ప్రొఫెసర్ గారు చెప్పారు. ఆయన స్కాట్లండ్ మనిషి, పది మాటలు అడిగితే ఒకటి మాట్లాడేవారు, అలాంటాయన అంత చెప్పారంటే సీటు వచ్చేసినట్టేనని నేను అందరికీ ఫోన్లు చేశాను. సీటు లేకపోతే వీసా గడువు తీరగానే ఇంటికి పోవడమే. మామూలు మేత కొలతలు అయిపోయాయి. నాచు కొలతలు మొదలయ్యే రోజు పొద్దున ఆంటీ ఖాళీ గది పరీక్ష చేసి, అంతా సరిగ్గా ఉందని రాసి, టీకి వెళ్లారు. అప్పుడే అమ్మ ఫోన్. వీడియోలో అద్దాల గదులు చూపించాను. అంత మంచిగ కనబడుతుంటే దిష్టి తగలదా బిడ్డా, ఏదన్నా కట్టు అంది అమ్మ.

కట్టాను. సన్న మిరపకాయలు దొరక్క సూపర్ మార్కెట్‌లో వేలెడు పొడుగువి ఏడు కొన్నాను. నిమ్మకాయ కూడా ఈ దేశానికి తగ్గట్టు పిడికిలంత ఉంది. దారం ఆగదని ఇనుప తీగకు గుచ్చాను. తలుపు పైన మేకు కొట్టకూడదు కాబట్టి, చక్కగా కనబడుతోందని, రెండు గొట్టాలూ కలిసే చోట తగిలించాను. తోటివాళ్లు అదేదో భారతీయ అలంకారం అనుకున్నారు. ఆంటీ టీ తాగి వచ్చి, తలెత్తి చూసి, ఏమీ అనలేదు. నేను దాన్ని ఆశీర్వాదం కింద జమకట్టుకున్నాను.

నాచు కొలతలు చూస్తే నాకే కళ్లు తిరిగాయి. నాలుగు ఆవుల్లోనూ మీథేన్ దిగిపోయింది, నేను ఆశపడిన దానికంటే ఎంతో ఎక్కువ. చివరి ఆవు గది దాటిన గంటలోనే గ్రాఫు గీసి ప్రొఫెసర్ గారికి పంపాను. విడత ముగిశాక ఇంకోసారి ఖాళీ గది పరీక్ష చేయాలి, అది మర్నాటికి వాయిదా వేద్దామన్నాను. ఆయన ఆ గ్రాఫును కంపెనీకి పంపారు. వేసవి మొదట్లో జరిగే రైతుల సందర్శన రోజున నేనే మాట్లాడాలని కబురొచ్చింది. ఆ సాయంత్రం ఫారంలో అందరికీ కేకు కొన్నాను. ఆంటీ కేకు ముక్క ప్లేటులో అలాగే ఉంచి, నా అంకెల కాగితాన్ని వేలితో గీస్తూ పైనుంచి కిందికి చదివారు. చదివి మళ్లీ మొదటికి వచ్చారు.

"ఈ పక్క వరుస చూశావా అమ్మాయ్?"

"అది కార్బన్ డయాక్సైడ్ కదా ఆంటీ. మనకు దాంతోని పనిలేదు."

"అది కూడా తగ్గింది. మీథేన్ ఎంత తగ్గిందో అదీ అంతే తగ్గింది. పెద్దకోడలు మేత ఎప్పటంతే తింది, పాలు ఎప్పటంతే ఇచ్చింది. మరి ఊపిరి వదలడం ఎట్టా తగ్గించింది?"

నాచు తింటే త్రేన్పు మారొచ్చు. కార్బన్ డయాక్సైడ్ ఊపిరితో వచ్చేది, ఆవు ఊపిరి తగ్గదు. రెండూ ఒకే రీతిలో తగ్గాయంటే తగ్గింది ఆవులో కాదు, కొలతలో. బయటి గాలి ఎక్కడో చొరబడి, గదిలోంచి వచ్చే గాలిని పలచన చేస్తోంది, పాలలో నీళ్లు కలిసినట్టు. పాలకేంద్రంలో అమ్మ కొట్లాడింది ఇలాంటివాటి మీదే. ఆ అమ్మ కూతుర్ని నేను.

ఖాళీ గది పరీక్ష చేస్తే వదిలిన వాయువు పూర్తిగా తిరిగి రాలేదు. ఆంటీ కోపగించుకోలేదు. చెక్క స్టూలు తెచ్చుకుని ఎక్కారు. మనిషి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కదా, గొట్టం వెంట ఊదుతూ పోతే, సందు ఉన్నచోట ఆ ఊపిరి లోపలికి పోయి యంత్రంలో అంకె ఎగురుతుంది. తను ఊదుతానన్నారు, నన్ను అంకె చదవమన్నారు. యంత్రం దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు జరుగుతూ ఊదారు. మారలేదన్నాను. స్టూలు జరిపి ఎక్కి మళ్లీ ఊదారు. మారలేదన్నాను. మోకాళ్ల నొప్పి మనిషి, పదిసార్లు ఎక్కి దిగుంటారు. తలుపు పైకి వచ్చాక ఒక్క ఊదుకు అంకె అమాంతం ఎగిరింది. ఏమైంది చదువు అని ఆంటీ అడుగుతుంటే తలెత్తి చూశాను. ఆవిడ మొహం ముందు, వాడి ముడతలు పడిన నా నిమ్మకాయ వేలాడుతోంది. ఆ బరువుకు గొట్టం కిందికి వంగి, అతుకు దగ్గర వెంట్రుకంత సందు పడింది.

దిష్టి తగలకూడదని కట్టిందే దిష్టి అయి కూర్చుంది. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే, ఇది బయటికి పొక్కకూడదు. సీటు పోతుంది, కంపెనీ ముందు ప్రొఫెసర్ గారి పరువు పోతుంది, ఫారమంతా నిమ్మకాయ కథ చెప్పుకుని నవ్వుతారు. నాచు పనిచేయలేదని ఎవరన్నారు, పనిచేసే ఉంటుంది, కాస్త అటూ ఇటూ. ఈ మాటలన్నీ గడగడా ఆవిడతో అన్నానని తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"బిగిస్తే అయిపోతది ఆంటీ. ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుసు, నీకు తెలుసు. ఇంకా ఎంతమంది కావాలి?"

అంతే అన్నారు. స్టూలు దిగి, తీగ విప్పి, నిమ్మకాయను నా చేతిలో పెట్టి, తప్పుల పుస్తకం తెరిచారు. నిలబడే రాశాను. గొట్టానికి బరువు వేలాడదీయడం వల్ల అతుకు వదులైంది, నాచు కొలతలన్నీ పనికిరావు. రెండో గడిలో నా పేరు. పుస్తకం అక్కడే వదిలి, మొహం కడుక్కుని వచ్చాను. ప్రొఫెసర్ గారి దగ్గరికి నువ్వే తీసుకెళ్లు, నేను రాను అన్నారు ఆంటీ, పుస్తకం నా చేతికిస్తూ. ఆ మాటకు నాకు నిజంగా మండింది. ఇన్నాళ్లూ అమ్మాయ్ అమ్మాయ్ అని, పులిహోర డబ్బాలు తెచ్చిపెట్టి, ఇప్పుడు ఒంటరిగా తోస్తోంది ఈవిడ అనుకుంటూ మెట్లెక్కాను.

ప్రొఫెసర్ గారు కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ చదివారు. చాలాసేపు చదివారు. ఆ రెండు వాక్యాలకు అంతసేపు ఎందుకో నాకు అర్థం కాలేదు. చివరికి తలెత్తి, వసుంధర దీన్ని ముందే చూసిందా అని అడిగారు. కోపంగా ఉన్నా ఆవిడ పేరు ఇందులోకి లాగబుద్ధి కాక, లేదన్నాను. ఆయన పుస్తకం నా వైపు తిప్పారు. మూడో గడిలో, గుండ్రటి అక్షరాలతో, ఆవిడ పేరు ఉంది. మొదటి రోజు నుంచీ చూశాను, తీయలేదు అని దాని పక్కనే రాసి ఉంది. నేను మొహం కడుక్కునేలోపు రాశారన్నమాట. ఆయన నన్ను తిట్టలేదు. చలి తగ్గగానే ఆవులు కొలతలకు దొరక్కుండా పచ్చిక బయలుకు వెళ్లిపోతాయి, దానికి ఎన్ని వారాలుందో లెక్కపెట్టి, అంతా మొదటినుంచి మళ్లీ చేయగలరా అని అడిగారు. సీటు సంగతి మాత్రం ఇక మాటివ్వలేనన్నారు.

కిందికి పరుగున వచ్చేసరికి ఆంటీ పెద్దకోడలు వదిలేసిన మేత తూస్తున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"మీరెందుకు రాసిన్రు ఆంటీ? మీరేం చేయలే కదా."

ఆవిడ తూకం పూర్తిచేసి, అంకె రాసుకుని, అప్పుడు నా వైపు తిరిగారు.

"మా అమ్మ ఒంగోల్లో బట్టల కొట్టు నడిపేది. శనివారం శనివారం గుమ్మానికి నిమ్మకాయ కట్టేది. నువ్వు కట్టింది చూడగానే ఆ గుమ్మం గుర్తొచ్చింది, మనసుకు హాయిగా అనిపించింది. ఆ గొట్టానికి ఈగ బరువు కూడా పడకూడదని నీకు తెలవదు, నాకు తెలుసు. తెలిసీ చూసి ఊరుకున్నా. చేసినదానిది తప్పయితే, చూసి ఊరుకున్నదానిది కాదంటావా?"

ఇరవై ఏళ్ల పుస్తకంలో ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు తెలిసింది. తప్పు చేశానని ఒప్పుకునేవాళ్లు ఎలాగో దొరుకుతారు. చూసి ఊరుకున్నానని చెప్పేవాళ్లు దొరకరు. నా నిమ్మకాయకు ముందు ఆ గడిలో ఉన్న నాలుగైదు పేర్లూ ఆవిడవే.

అన్నీ మళ్లీ చేశాం. మామూలు మేత, నాచు, మళ్లీ రెండూ. ఆవులను అన్ని రోజులు గదుల్లో పెట్టడానికి మళ్లీ అనుమతి కావాల్సి వచ్చింది, ఫారం పశువుల డాక్టరు ఒక్కో ఆవునూ పరీక్షించి సంతకం పెట్టాకే మొదలుపెట్టాం. ఆ వసంతంలో గాలివానలకు రెండుసార్లు బస్సులు ఆగిపోయాయి. ఆంటీ తన చిన్న కారులో వచ్చి నన్ను ఎక్కించుకునేవారు, దారంతా అద్దాలు దించే ఉండేవి, మా ఇద్దరి వాసన మేమే భరించలేక. ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్‌లో ఉండే ఆవిడ కూతురికి అప్పుడే కాన్పు రోజులు. నెల రోజులు ఉంటానని ఎప్పుడో మాటిచ్చారట. కూతురు అలిగింది, అంకుల్ బతిమాలారు. మనవరాలు ఎలాగూ పుడుతుంది, ఆవులు మాత్రం గడ్డికి పోతాయి అని ఆంటీ నాలుగు రోజులు మాత్రం వెళ్లి వచ్చేశారు. వచ్చిన రోజు ఫోన్‌లో పాప ఫొటో చూపించి, తను ఇంకోసారి చూసుకున్నారు. నెల కాస్తా నాలుగు రోజులైంది నా వల్లేనని నాకు తెలుసు. క్షమించమని అడిగితే, ఏడవమాక, ఆ తొట్టి కడుగు అన్నారు. కడిగాను. ఆ వారాల్లో నేను కడిగినంత శుభ్రంగా ఆ తొట్టిని ఇంకెవరూ కడిగి ఉండరు. ప్రతి ఆవు తర్వాతా ఖాళీ గది పరీక్ష. ప్రతి సోమవారం గొట్టం వెంట ఊదడం. ఈసారి స్టూలెక్కింది నేను, అంకె చదివింది ఆవిడ.

చివరి ఆవు గడ్డికి వెళ్లిన రోజున అసలు ఫలితం తేలింది. మీథేన్ తగ్గింది, కానీ కొంచెమే. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడిదక్కడే ఉంది. ఖాళీ గది నిజం చెప్పింది. రైతుల సందర్శన రోజున షెడ్డు నిండా మనుషులు. నా వెనక తెర మీద పొట్టి గ్రాఫు. మొదటి గ్రాఫు తప్పని, ఎందుకు తప్పో కూడా, నిమ్మకాయతో సహా చెప్పాను. నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. వెనక వరుసలో ఎర్ర చేతుల ముసలి రైతు ఒకాయన లేచి, ఇంతకీ ఇది పనిచేస్తుందా లేదా ఒక్క మాటలో చెప్పు అన్నాడు.

"కొంచెం చేస్తుంది" అన్నాను.

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. తన గేటు దగ్గరికి వచ్చి ఏదైనా అమ్మేవాళ్లంతా చాలా అంటారని, కొంచెం అన్న మనిషిని మొదటిసారి చూస్తున్నానని, పరీక్షకు కావాలంటే తన మందను వాడుకోమని అన్నాడు. కంపెనీకి ఆ కొంచెం సరిపోలేదు, ఆ ఏడు సీటు రాలేదు. కానీ ఆ వేసవిలో ఆంటీ రిటైరయ్యారు, ఆవిడ బాయిలర్ సూట్ పని ఖాళీ అయింది. మాస్టర్స్ చేసి ఎంగిలి మేత తూస్తావా అని మావాళ్లంతా అడిగారు. తూచాను. రెండేళ్లు తూచాను. ఆ రైతు మందలో పెద్ద పరీక్ష జరిగినప్పుడు ఆ కొంచెం నిలబడింది, దానికి ఇంకో మేత తోడై కొంచెం పెరిగింది. దాని మీదే నా పీహెచ్‌డీ, దాని మీదే ఈ కార్డిఫ్ ఉద్యోగం.

ఆంటీ రెండేళ్ల కిందట, చలికాలంలో, బేసింగ్‌స్టోక్‌లో కూతురి దగ్గర పోయారు. అంత్యక్రియలకు వెళ్తే, ఆంటీ నాలుగు రోజులు మాత్రమే చూసి వచ్చిన ఆ పాప, అప్పటికి బడికి వెళ్లే పిల్ల, నా పక్కన చేరి అమ్మమ్మ నిజంగా గొట్టాలు ఊదేదా అని ఇంగ్లీషులో అడిగింది. ఊదేదని చెప్పాను. ఎలా అంటే ఊది చూపించాను. అది పకపకా నవ్వింది, నేను ఏడ్చాను.

ఈ సోమవారం పొద్దున అంకెలు చూస్తుంటే చెయ్యి ఆగింది. శనివారం నుంచి మీథేన్ తగ్గింది. పక్క వరుసలో కార్బన్ డయాక్సైడ్ కూడా అంతే తగ్గింది. స్టూలు తెచ్చుకుని ఊదుతూ పోయాను. నాతో పనిచేసే రియాన్ అంకె చదివింది. నాకంటే పదేళ్లు పెద్దదైన వేల్స్ ఆవిడ, చేరి నెల కాలేదు. హీటరు పైన వంపు దగ్గర అంకె ఎగిరింది. రియాన్ మొహం కందగడ్డ అయింది. శుక్రవారం వానలో తడిసి వచ్చి, ఆ గొట్టానికి కోటు ఆరేసింది తనేనని, అది ఏ గొట్టమో తెలియదని చెప్పింది. మా శాలలో కూడా గట్టి అట్ట పుస్తకం ఉంది, మూడు గడులతో. ఆమె మొదటి గడి నింపింది, రెండో గడిలో తన పేరు రాసింది. రాసి, మూడు రోజుల కొలతలు పోయాయని గొణుక్కుంటూ, పుస్తకం మూయబోయింది.

ఆ కోటును నేను చూశాను. ఏ గొట్టం మీద ఉందో తెలిసే చూశాను. వాసన పీల్చి, నవ్వుకుని, లైటార్పి వెళ్లిపోయాను.

"మూయకు రియాన్" అన్నాను. "ఆ పెన్ను ఇటివ్వు."